టైమ్స్ న్యూ రోమన్ గురించి మా డీటీపీ షాపులో తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి బాలాజీ కాలనీలో మాది చిన్న డీటీపీ షాపు. మూడు సిస్టములు, రెండు ప్రింటర్లు, ఒక స్పైరల్ బైండింగ్ మిషను. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, సంస్కృత విశ్వవిద్యాలయం ఊళ్ళోనే ఉండటంతో మాకు థీసిస్ పని ఎక్కువ. ఆ తర్వాత కోర్టు కాగితాలు, బయోడేటాలు, అప్పుడప్పుడూ ఓ పెళ్ళిపత్రిక. "అక్కా, టైమ్స్‌లో పెట్టేయ్" అనే మాట వినని రోజు లేదు. టైమ్స్ అంటే టైమ్స్ న్యూ రోమన్, కంప్యూటర్‌లో ఇంగ్లీషుకు వాడే ఒక ఫాంటు, అంటే అక్షరాల రూపం. అసలు ఆ టైమ్స్ ఏమిటి, ఎందుకు అని అడిగేవాళ్ళూ ఉన్నారు. అడిగిన ప్రతిసారీ మౌస్ వదిలి కూర్చుని చెప్పడం కుదరదు కాబట్టి తీరిక దొరికినప్పుడల్లా రాసి పెట్టుకున్న జవాబులు ఇవి.

టైమ్స్ న్యూ రోమన్‌లో ఆ 'టైమ్స్' ఎవరు?

లండన్‌లో అచ్చయ్యే 'ది టైమ్స్' అనే దినపత్రిక. 1929లో స్టాన్లీ మోరిసన్ అనే ఆయన మీ పత్రిక అచ్చు బాగోలేదు, అక్షరాలకు కాలం చెల్లిపోయింది అని వాళ్ళను విమర్శించాడు. ఆయన అచ్చు అక్షరాలు తయారుచేసే మోనోటైప్ కంపెనీకి అక్షరాల విషయంలో సలహాదారు. పత్రికవాళ్ళు అలిగి కూర్చోకుండా, ఆ బాగుచేసే పనేదో నువ్వే చూడు అని ఆయనకే అప్పగించారు. మోరిసన్ తన చేత్తో గీయలేదు. ఆ పత్రిక ప్రకటనల విభాగంలో గీతపని చేసే విక్టర్ లార్డెంట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇలా కాదు, అలా అని గీయించాడు. 1932 అక్టోబర్ 3న పత్రిక కొత్త అక్షరాలతో బయటికి వచ్చింది. ఏడాది తిరిగాక ఆ అక్షరాలను బయటి ప్రెస్సులకు కూడా అమ్మడం మొదలుపెట్టారు.

వాళ్ళు 40 ఏళ్ళు వాడుకుని 1972లో వేరే అక్షరాలకు మారిపోయారు. ఎవరి కోసం పుట్టిందో వాళ్ళే వదిలేశారు, మనం మాత్రం థీసిస్‌ల్లో ఇంకా మోస్తున్నాం.

మరి 'న్యూ' ఎందుకు, 'రోమన్' ఎందుకు?

పత్రికలో అంతకు ముందున్న అక్షరాల స్థానంలో వచ్చింది కాబట్టి న్యూ. రోమన్ అంటే నిటారుగా నిలబడే మామూలు అక్షరం. పక్కకు వాలిన ఇటాలిక్ దానికి జోడీ.

పూర్తిగా మోరిసన్ బుర్రలోంచే పుట్టిందా?

లేదు. ముందు ప్లాంటిన్ అనే అక్షరాన్ని ఎదురుగా పెట్టుకున్నారు. అది మోనోటైప్ 1913లో తెచ్చినది. దానికి మూలం 16వ శతాబ్దంలో రాబర్ట్ గ్రాంజాన్ అనే ఫ్రెంచి పనివాడు చెక్కిన అక్షరాలు. ప్లాంటిన్ కాస్త లావు, మొద్దు. దాని ఎముకల గూడు ఉంచుకుని, ఒంటిని చెక్కి, అంచులకు పదును పెడితే టైమ్స్ వచ్చింది. పడవలు డిజైన్ చేసే స్టార్లింగ్ బర్గెస్ అనే అమెరికన్ దీన్ని ముందే గీశాడని 1990ల్లో ఒక వాదం లేచింది కానీ, అది రుజువు కాలేదు.

సెరిఫ్ అంటే ఏమిటి?

అక్షరంలో గీత ఆగేచోట అడ్డంగా వచ్చే చిన్న కాలు. ఇంగ్లీషు పెద్ద బడి 'ఐ' చూడండి. ఏరియల్ అనే ఇంకో ఫాంటులో ఉత్త నిలువు గీత. టైమ్స్‌లో ఆ గీతకు పైనా కిందా సన్నటి పట్టీలు ఉంటాయి, స్తంభానికి కింద పీఠమూ పైన దిమ్మే ఉన్నట్టు. ఆ పట్టీయే సెరిఫ్. మా షాపులో పిల్లలకు అర్థమయ్యేలా 'కాళ్ళున్న ఫాంటు' అంటుంటాను.

ఇది పాత రోమన్ రాతి శాసనాల నుంచి వచ్చింది. రోములో ట్రాజన్ స్తంభం కింద క్రీ.శ. 113లో చెక్కిన శాసనం వీటన్నిటికీ తాత లాంటిది. రాయి మీద ముందు కుంచెతో రాసుకుని, ఆ గీతల మీద ఉలి నడిపారని, కుంచె ఎత్తేటప్పుడు పడే ఒంపే ఈ కాలు అయ్యిందని ఒక వాదం ఉంది. నాకు ఆ వాదం నచ్చుతుంది, ఎందుకంటే పనిముట్టు మారితే అక్షరం మారడం మన దగ్గరా చూస్తాం. అన్నమయ్య కీర్తనల రాగిరేకుల మీద అక్షరం చూడండి. రాగిలో గీసిన గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం. లావు సన్నం అనే తేడా లేదు, కాళ్ళు లేవు. గంటానికి అది చేతకాదు, దానికి అవసరమూ లేదు.

అయితే మన తలకట్టు సెరిఫే కదా?

ఇది అడిగేవాళ్ళు చాలామంది. చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ కాదు.

'క' తీసుకోండి. నెత్తిన ఉన్న టిక్కు తీసేసి గుడి పెడితే 'కి', ఎత్వం పెడితే 'కె', ఓత్వం పెడితే 'కో'. అంటే తలకట్టు కూర్చున్న చోటే వేరే అచ్చు గుర్తు వచ్చి కూర్చుంటోంది. తలకట్టు ఉందంటే అక్కడ 'అ' పలుకుతోందని చెప్పే గుర్తు అది. తీసేస్తే చదవడం మారిపోతుంది. సెరిఫ్ అలా కాదు. టైమ్స్ 'ఐ'కి కాళ్ళు నరికేసినా అది 'ఐ'గానే ఉంటుంది. పైగా ల, బ, జ, ణ లాంటి వాటికి అసలు తలకట్టే లేదు. అందంకోసం పెట్టేదైతే వాటికీ పెట్టి ఉండేవాళ్ళు.

తెలుగు ఫాంట్ల పేర్లలో సెరిఫ్ అని ఉంటుంది కదా అంటారు. నోటో సెరిఫ్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెంటికీ తలకట్లు ఉన్నాయి. మొదటిదాంట్లో గీత ఒకచోట లావెక్కి ఇంకోచోట సన్నబడుతుంది, రెండోదాంట్లో అంతా దాదాపు ఒకే మందం. తెలుగులో సెరిఫ్ అనే మాటకు ఫాంటు చేసేవాళ్ళు ఇచ్చుకున్న అర్థం అదే.

ఇంత ఇరుకుగా ఉంటుందేం?

ఈ మొత్తం జవాబుల్లో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

దినపత్రికలో కాలమ్ సన్నగా ఉంటుంది. వరుసకు ఒక మాట ఎక్కువ పట్టినా రోజంతటికీ లెక్కేస్తే బోలెడు కాగితం మిగులుతుంది. అందుకని టైమ్స్ అక్షరాలను పక్కలకు నొక్కారు. చిన్న సైజులో కూడా కంటికి ఆనాలని, చిన్న బడి అక్షరాల పొట్టను ఎత్తుగా పెట్టి, కిందికి దిగే తోకలను కురచ చేశారు. తోకలు కురచైతే వరుసలు దగ్గర దగ్గరగా పేర్చవచ్చు. అంటే అటూ ఇటూ, పైనా కిందా నాలుగు వైపులా పొదుపు. గీతలు మాత్రం బాగా సన్నం చేశారు. లండన్ పత్రిక మిగతా పేపర్లకంటే మంచి కాగితం మీద, శ్రద్ధగా అచ్చయ్యేది కాబట్టి అది చెల్లింది.

ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం? సన్న కాలమ్ కోసం కుట్టిన చొక్కాను తీసుకెళ్ళి ఏ4 కాగితం ఈ చివర నుంచి ఆ చివరకు తొడుగుతున్నాం. బైండింగుకు ఎడమ పక్క అంగుళమున్నర, కుడి పక్క అంగుళం వదిలినా, 12 పాయింట్లలో (పాయింటు అంటే అక్షరం సైజుకు కొలత) ఒక్కో వరుసకు 80కి పైనే అక్షరాలు పడతాయి. పుస్తకాలు వేసేవాళ్ళు 60, 70 మధ్య ఉంటే కంటికి హాయి అంటారు. 80 దాటితే వరుస చివరి నుంచి మళ్ళీ ఎడమకు వచ్చేసరికి కన్ను దారి తప్పి, చదివిన వరుసే మళ్ళీ చదువుతుంది. "టైమ్స్ చదవడానికి విసుగ్గా ఉంటుంది" అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. విసుగు ఆ వరుస పొడుగులో ఉంది.

అందుకేనా థీసిస్‌కి ఒకటిన్నర స్పేసింగ్ అడుగుతారు?

గైడు ఎర్ర పెన్నుతో దిద్దడానికి చోటు కావాలని కూడా. కానీ పొడుగు వరుసకు మందు అదే. 12 పాయింట్ల టైమ్స్‌కి వర్డ్‌లో సింగిల్ అంటే వరుసకీ వరుసకీ దూరం దాదాపు 13.8 పాయింట్లు. ఒకటిన్నర అంటే 20.7. మధ్యలో తెల్లటి బాట పడుతుంది, కన్ను దానివెంట వెనక్కి నడిచొస్తుంది.

పేజీలు ఎక్కువవుతున్నాయి, స్పేసింగ్ తగ్గించక్కా అంటారు కొందరు. ఇంకొందరు పేజీలు తక్కువయ్యాయి, పెంచక్కా అంటారు. రెండూ చెయ్యను. మీ విభాగం ఇచ్చిన గైడ్‌లైన్స్ కాగితం తెస్తే అందులో ఉన్నట్టు పెడతాను.

మొత్తం సెలెక్ట్ చేసి టైమ్స్‌కి మార్చాను, అయినా కొన్నిచోట్ల వేరేగా కనిపిస్తోంది?

పేజీ నంబర్లు, హెడ్డర్లు, ఫుట్‌నోట్లు కదా? కంట్రోల్ ఏ కొడితే అవి సెలెక్ట్ కావు. 2007 వర్డ్ నుంచి మొదటగా వచ్చే ఫాంటు టైమ్స్ కాదు, కాలిబ్రి. ఇప్పటి కొత్త వర్డ్‌లో ఆప్టోస్. మీరు మార్చని ప్రతిచోటా అదే కూర్చుని ఉంటుంది. హోమ్‌లో స్టైల్స్‌కి వెళ్ళి 'నార్మల్' మీద రైట్ క్లిక్ చేసి మాడిఫై నొక్కి అక్కడ టైమ్స్ పెట్టండి. హెడింగులకు కూడా విడిగా అలాగే. పేరా కింద దానంతటదే వచ్చే ఖాళీని కూడా అక్కడే సున్నా చేయండి. ఇంటర్నల్ పరీక్ష ముందు రోజు రాత్రి 200 పేజీలు ఒక్కో హెడింగ్ పట్టుకుని మార్చుకుంటూ కూర్చున్న పిల్లలను చూసి చెబుతున్నాను.

12 పెట్టినా చిన్నగా కనిపిస్తోంది. పక్క ఫాంటు 12లో పెద్దగా ఉంది. ఇదేం లెక్క?

12 అనేది అక్షరం ఎత్తు కాదు. మా నాన్న ట్రెడిల్ ప్రెస్సులో కంపోజిటరు. ఆయన కేసులోంచి తీసి స్టిక్కులో పేర్చే ఒక్కో అక్షరం సీసం దిమ్మ మీద ఉండేది. పాయింటు లెక్క ఆ దిమ్మకు. దిమ్మ మీద అక్షరం ఎంత చోటు ఆక్రమించిందన్నది గీసినవాడి ఇష్టం. కంప్యూటర్‌లో దిమ్మ కనపడదు గానీ లెక్క అదే. 72 పాయింట్లు ఒక అంగుళం. టైమ్స్ 12 పాయింట్లలో పెద్ద బడి అక్షరం ఎత్తు 8 పాయింట్లకు అటూ ఇటూ. జార్జియా అనే ఇంకో సెరిఫ్ ఫాంటు చిన్న అక్షరాల పొట్ట ఇంకా పెద్దది, వెడల్పూ ఎక్కువే. అది కంప్యూటర్ తెర కోసమే మాథ్యూ కార్టర్ గీసినది. అందుకే జార్జియా 11, టైమ్స్ 12 పక్కపక్కన పెడితే తేడా పెద్దగా తెలియదు.

బోల్డ్ పెడితే అదే అక్షరం లావెక్కుతుందా?

లేదు, టైమ్స్ బోల్డ్ మనిషే వేరు. చిన్న బడి 'ఓ'ను 72 పాయింట్లలో వేసి చూడండి. మామూలు దాంట్లో పైనా కిందా ఉండే సన్నటి భాగాలు కాస్త పక్కకు వాలి ఉంటాయి, కలం వంచి రాసినట్టు. బోల్డ్ 'ఓ'లో అవి నేరుగా నెత్తిన, కాళ్ళ దగ్గర ఉంటాయి. వంపు పోయి నిటారుగా నిలబడుతుంది. ఒకసారి చూశాక ఇక చూడకుండా ఉండలేరు. హెడింగులకు బాగుంటుంది. పేరా మొత్తం బోల్డ్ పెట్టమంటే మాత్రం నాకు పోలీసు నోటీసు టైపు చేస్తున్నట్టు ఉంటుంది.

ఇటాలిక్ కూడా అంతే, వంచింది కాదు, విడిగా గీసింది. బాటనీవాళ్ళకు ఇది రోజువారీ పని. శేషాచలం కొండల ఎర్రచందనం మీద థీసిస్ రాస్తే టెరోకార్పస్ శాంటలైనస్ అని వచ్చిన ప్రతిచోటా ఇటాలిక్. మొదటి మాట పెద్ద బడితో, రెండోది చిన్న బడితో. ఒకచోట మర్చిపోయినా వైవాలో అదే పట్టుకుంటారు, కాబట్టి ఫైండ్ అండ్ రీప్లేస్ వాడండి. తెలుగు మాటకు మాత్రం ఇటాలిక్ కొట్టకండి. మన రాతలో ఆ సంప్రదాయం లేదు. చాలా తెలుగు ఫాంట్లకు విడిగా గీసిన ఇటాలిక్ ఉండదు, కంప్యూటరే పట్టుకుని వంచేస్తుంది. తలకట్లన్నీ గాలికి ఒరిగినట్టు కనిపిస్తాయి.

కోర్టు కాగితాలకు టైమ్సే పెట్టాలా?

సుప్రీంకోర్టు 2020 మార్చిలో ఇచ్చిన సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది. ఏ4 కాగితం, బరువు 75 జీఎస్ఎంకు (చదరపు మీటరుకు గ్రాములు) తగ్గకూడదు, రెండు పక్కలా ప్రింటు, టైమ్స్ న్యూ రోమన్ 14, ఒకటిన్నర స్పేసింగ్. ఉటంకింపులకు 12, సింగిల్ స్పేసింగ్. ఎడమ కుడి 4 సెంటీమీటర్లు, పైనా కిందా 2 సెంటీమీటర్లు. కింది కోర్టులకు మీ వకీలుగారు ఏం చెబితే అది.

ఆ కొలతల్లో నాకు నచ్చింది మార్జిను. 4, 4 వదిలి 14 పెడితే వరుసకు 60, 65 అక్షరాలే పడతాయి. పైన చెప్పానే, కంటికి హాయి అని, సరిగ్గా అక్కడికి వచ్చింది. థీసిస్ రూల్స్ రాసేవాళ్ళు కూడా ఇది చూస్తే బాగుండు.

మార్కుల పట్టిక, ఖర్చుల లెక్క టైమ్స్‌లో బాగుంటుందా?

బాగుంటుంది. ఇందులో సున్నా నుంచి తొమ్మిది దాకా అన్ని అంకెల వెడల్పూ ఒక్కటే, సరిగ్గా సైజులో సగం. 12 పాయింట్లలో ప్రతి అంకె 6 పాయింట్లు. రైట్ అలైన్ చేస్తే ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు వాటంతటవే వరుసలో పడతాయి. స్పేస్ బార్ కొడుతూ వరుస కలపడానికి చూడకండి. స్పేస్ వెడల్పు అంకెలో సగమే, కాబట్టి రెండు కొడితే గానీ ఒక అంకెకు సమానం కాదు. ట్యాబ్ పెట్టుకోండి, లేదా టేబుల్ వేసుకోండి.

అప్లికేషన్‌లో పేరు తప్పు పడింది. టైమ్స్‌లో ఉంటే పడేది కాదన్నారు?

నేనే అన్నాను. ఇల్లూరు అనే పేరు ఇంగ్లీషులో, ఏరియల్‌లో టైపు చేస్తే మొదటి మూడు అక్షరాలు మూడు నిలువు గీతలు. పెద్ద 'ఐ' ఏది, చిన్న 'ఎల్' ఏది ఎవరూ చెప్పలేరు. చూసి ఎక్కించేవాడు ఒక 'ఎల్' మింగేస్తాడు. టైమ్స్‌లో 'ఐ'కి పైనా కిందా రెండు పక్కలా కాళ్ళుంటాయి, 'ఎల్'కి నెత్తిన ఎడమవైపు మాత్రమే. పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్ళ పేర్లు ఉన్న కాగితానికి కాళ్ళున్న అక్షరమే క్షేమం.

తెలుగు థీసిస్ మొత్తం టైమ్స్ న్యూ రోమన్‌లో కావాలి. చేస్తారా?

చేయలేను, ఎవరూ చేయలేరు. టైమ్స్ న్యూ రోమన్‌లో తెలుగు అక్షరాలే లేవు. మీరు యూనికోడ్ (తెలుగు అక్షరాలకు సొంత కోడ్లు ఉండే పద్ధతి) తెలుగును సెలెక్ట్ చేసి టైమ్స్ అని కొడితే అక్షరాలు మారకపోవడానికి కారణం అదే. వర్డ్ లోపల వేరే తెలుగు ఫాంటు తెచ్చి నింపుకుంటుంది. తెలుగు ఫాంటు మార్చాలంటే ఫాంట్ డబ్బాలో 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' అనే గడిలో మార్చాలి.

అసలు గండం 'అను' అనే పేరున్న తెలుగు ఫాంట్లలో చేసిన ఫైళ్ళతో. పాత పద్ధతి 'అను' ఫాంట్లు యూనికోడ్ కావు. లోపల ఉండేవి ఇంగ్లీషు కీబోర్డు కోడ్లే, వాటి మీద తెలుగు ముక్కల బొమ్మలు తొడిగి ఉంటాయి. ఒక తెలుగు శాఖ అమ్మాయి మూడు నెలలు టైపు చేయించుకున్న ఫైలు తెచ్చింది. మధ్యలో ఉన్న ఇంగ్లీషు కొటేషన్లు టైమ్స్‌లో ఉండాలని గైడు అన్నాడట. రాత్రి ఇంట్లో కూర్చుని కంట్రోల్ ఏ కొట్టి టైమ్స్ పెట్టింది, సేవ్ చేసింది, మూసేసింది. పొద్దున షాపులో తెరిస్తే నన్నయ పద్యం ఉండాల్సిన చోట డాలర్ గుర్తులు, కొమ్ములున్న అక్షరాలు, ఫ్రెంచి వాళ్ళ యాక్సెంట్లు. "అక్కా, వైరస్సా?" అంది. తొడుగు ఊడిపోయింది, లోపలి కోడ్లు బయటపడ్డాయి, అంతే. తెలుగు ముక్కలున్న చోటల్లా సెలెక్ట్ చేసి మళ్ళీ అదే 'అను' ఫాంటు ఇస్తే తిరిగొచ్చాయి. కానీ ఏది తెలుగు, ఏది ఇంగ్లీషు అని 180 పేజీలు కళ్ళతో ఏరుకోవాల్సి వచ్చింది. రెండు రోజులు పట్టింది. ఆ అమ్మాయి పక్కనే కూర్చుని ఏరింది, టీ కూడా తాగలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దయచేసి యూనికోడ్‌లో మొదలుపెట్టండి.

తెలుగూ ఇంగ్లీషూ ఒకే వరుసలో వస్తే వరుసలు ఎగుడుదిగుడుగా వస్తున్నాయి?

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఒత్తు కింద ఒత్తు. 'స్త్రీ' ఒక్కటి చూస్తే చాలు. అందుకని తెలుగు ఫాంట్లు వరుసకు ఎక్కువ ఎత్తు అడుగుతాయి. గౌతమి అనే తెలుగు ఫాంటు అయితే మరీ. ఇంగ్లీషు పేరాలో ఒక్క తెలుగు మాట వస్తే ఆ వరుస మాత్రం పైకి లేస్తుంది. లైన్ స్పేసింగ్‌లో 'ఎగ్జాక్ట్‌లీ' అని 21 పాయింట్లు పెడితే అన్నీ సమానంగా కూర్చుంటాయి. పెట్టాక లక్ష్మి, స్త్రీ, కృష్ణ లాంటి మాటలు ఉన్నచోట ప్రింటు తీసి చూడండి, ఒత్తు తోక కోసుకుపోతే ఒకటి రెండు పాయింట్లు పెంచండి. సైజులు కూడా ఒకే అంకె పెట్టాలన్న పట్టింపు వద్దు. ప్రింటులో రెండూ ఒకే ఎత్తున కనిపించేదాకా తెలుగును అర పాయింటు, పాయింటు అటూ ఇటూ జరపండి.

పుస్తకమే వేస్తుంటే నా సలహా టిరో తెలుగు అనే ఫాంటు. ఉచితం. అందులో తెలుగుతో పాటు దానికి సరిపడే ఇంగ్లీషు సెరిఫ్ అక్షరాలూ ఉన్నాయి. ఇద్దరినీ కూడబలుక్కునేలా గీశారు కాబట్టి మనకు సర్దే పని తగ్గుతుంది.

సంస్కృత శ్లోకాలు ఇంగ్లీషు లిపిలో, చుక్కలు గీతలతో రాయాలి. టైమ్స్‌లో వస్తాయా?

వస్తాయి. దీర్ఘానికి నెత్తిన గీత, ట డ ణ ష లకు కింద చుక్క, విసర్గకు కింద చుక్క పెట్టిన 'హెచ్', అన్నీ ఇప్పటి విండోస్‌తో వచ్చే టైమ్స్ న్యూ రోమన్‌లో ఉన్నాయి. సమస్య అంతా పాత ఫైళ్ళది. అప్పట్లో ఎవరికి వారు టైమ్స్‌ను తిరగరాసి, పనికిరాని గుర్తుల చోట ఈ చుక్కల అక్షరాలను ఇరికించుకున్నారు. ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే కృష్ణుడు కూడా గుర్తుపట్టలేడు. అలాంటి ఫైలు తెస్తే ముందు ఒక పేజీ మార్చి చూపిస్తాను, సరేనంటే మిగతాది. జెంటియమ్ అనే ఉచిత ఫాంటు కూడా ఈ పనికి చాలా బాగుంటుంది, చుక్కలు ప్రింటులో స్పష్టంగా తేలతాయి.

పెళ్ళిపత్రికకి, ఫ్లెక్సుకి?

పెళ్ళిపత్రికలో ఇంగ్లీషు పక్క టైమ్స్ పెడితే ఆఫీసు సర్క్యులర్‌లా ఉంటుంది. నియమమేమీ లేదు, నా అభిరుచి అది. ఫ్లెక్సుకు మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. లీలామహల్ సర్కిల్లో సిగ్నల్ దగ్గర బండి మీద ఉన్నవాడికి ఆ సన్న గీతలు కనపడవు, లావు గీతలు మాత్రం విడివిడి కర్రల్లా కనిపిస్తాయి.

రంగు మీద తెల్ల అక్షరాలు వేసేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఒక లాడ్జికి లెటర్‌హెడ్ చేశాను. మెరూన్ పట్టీ, దాని మీద తెల్లగా 7 పాయింట్ల టైమ్స్‌లో చిరునామా. తెర మీద ముచ్చటగా ఉంది. ఆఫ్‌సెట్‌లో సిరా పాకి సన్న గీతలన్నీ పూడిపోయాయి. ఫోన్ నంబరులో సున్నాలు రెండు నిలువు ముక్కలుగా మిగిలాయి. వెయ్యి కాగితాలు, తప్పు నాదే, ఖర్చు నాదే. అలాంటిచోట ఏరియల్ లాంటి కాళ్ళులేని ఫాంటు, లేదా టైమ్సే కావాలంటే బోల్డ్, 9కి తగ్గకుండా.

నా లాప్‌టాప్‌లో లైనక్స్. టైమ్స్ లేదు?

లిబరేషన్ సెరిఫ్ అనే ఫాంటు ఉంటుంది, అది వాడండి. రూపం వేరు కానీ ప్రతి అక్షరం వెడల్పూ టైమ్స్‌తో సమానంగా ఉండేలా చేశారు. అందుకే మా దగ్గర టైమ్స్‌లో తెరిచినా వరుసలు ఎక్కడ విరిగాయో అక్కడే విరుగుతాయి. టినోస్ కూడా అంతే.

రూపాయి గుర్తు పెడితే ప్రింటులో చిన్న గీత వస్తోంది?

2010లో గుర్తు వచ్చిన కొత్తలో దాన్ని చూపించడానికి ప్రత్యేక ఫాంట్లు తిరిగాయి. కీబోర్డులో ఒకటి అంకెకు ఎడమ పక్క ఉండే కీ కొడితే రూపాయి వచ్చేది. ఆ ఫాంటు తీసేసినా, టైమ్స్‌కు మార్చినా ఆ కీకి అసలున్న చిన్న వాలు గీత బయటపడుతుంది. ఇప్పుడు టైమ్స్‌లోనే ₹ ఉంది. ఇంగ్లీషు ఇండియా కీబోర్డు పెట్టుకుని కుడి ఆల్ట్ పట్టుకుని 4 కొట్టండి.

ఫోన్‌లో సరిగ్గా ఉంది, మీ దగ్గర పేజీలు మారిపోయాయి. ఎందుకు?

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో టైమ్స్ న్యూ రోమన్ ఉండదు. ఫైల్లో పేరు టైమ్సే ఉంటుంది, తెర మీద కనిపించేది ఇంకేదో. దాని వెడల్పు వేరు కాబట్టి వరుసలు వేరేచోట విరుగుతాయి. ఒక్క వరుస కిందికి జారితే చాలు, విషయసూచికలో పేజీ నంబర్లన్నీ తప్పు. ప్రింటుకు పంపేటప్పుడు పీడీఎఫ్ పంపండి, ఫాంటు అందులోనే ఇమిడి వస్తుంది. దిద్దుబాట్లు ఉంటే పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైలు కూడా పంపండి, రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. వాట్సాప్‌లో పేజీల ఫోటోలు తీసి పంపి "ఇవి టైమ్స్‌లో పెట్టక్కా" అంటే మాత్రం మళ్ళీ మొదటి నుంచి టైపు చేయాలి, పేజీకి ఇంత అని డబ్బులు పడతాయి.